ముందు ఫిర్యాదులు: లేవు

రికార్డుల విభాగం, నేల అంతస్తు
ఫిబ్రవరి 9

అక్కకి,

ఈ నెల నీ పత్రిక నాకంటే ముందు మా సెక్షన్ అంతా చదివేసింది. "మీ అక్కగారు మళ్ళీ నిప్పులు చెరిగారు సార్" అని మా టైపిస్టు ఆ పేజీ మడతపెట్టి మరీ నా బల్ల మీద పెట్టింది. దాని సంగతి తర్వాత. ముందు ఇంటి పని ఒకటుంది.

చిన్న మావయ్య జైలు నుంచి వచ్చి జూన్‌కి పదేళ్ళు. ఈ పదేళ్ళలో ఒక్క కేసు లేదు. నెలనెలా ఠాణాకి వెళ్ళి నిఘా పుస్తకంలో సంతకం పెడుతూనే ఉన్నాడు. పదేళ్ళు ఇలా గడిస్తే పేరు తీసేయమని అర్జీ పెట్టుకోవచ్చన్న నియమం ఉంది కదా. ఆ నియమం నా పట్టిక చూసి పెట్టిందే. లైంగిక నేరాలకి శిక్షపడి బయటికొచ్చినవాళ్ళని ఏడాదికోసారి పేరు పేరునా వెతికి, మళ్ళీ శిక్షపడిందా లేదా అని గళ్ళు నింపుతూ ఇరవై రెండేళ్ళు గడిపాను. పదేళ్ళు నిలబడ్డవాడు ఆ తర్వాత తప్పడం చాలా అరుదని తేలింది. ఇన్నేళ్ళ గుమాస్తాగిరీలో నావల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే అదొక్కటే.

పేరు తీస్తే డ్రైవింగ్ నేర్పే లైసెన్సు తిరిగిస్తారు. పాత స్నేహితుడి స్కూల్లో చోటుందట. అరవై ఆరేళ్ళ మనిషి, రోజంతా గదిలో గోడ చూస్తూ కూర్చుంటున్నాడు. మళ్ళీ బండెక్కితే నాలుగు రోజులు ఎక్కువ బతుకుతాడు.

ఫారం జతచేశాను. ఇద్దరు దగ్గరి బంధువులు సంతకం చెయ్యాలి. అమ్మ పోయాక ఉన్నది మనిద్దరమే. నేను పెట్టేశాను. రెండో గీత మీద నువ్వు పెట్టి పంపు.

తమ్ముడు


పత్రిక ఆఫీసు, మేడ మీద గది
ఫిబ్రవరి 17

లెక్కలబ్బాయికి,

ఫారం చదివాను. "మా ఎరుకలో, శిక్షపడిన నేరానికి ముందుగాని తర్వాతగాని ఇటువంటి ప్రవర్తన లేదని ధ్రువీకరిస్తున్నాము." ఇది రాసినవాడెవడో గాని పుణ్యాత్ముడు. సాక్ష్యం చెప్పాల్సిన పని ఇంటివాళ్ళకి అప్పగించి తను చేతులు దులుపుకున్నాడు.

సంతకం పెట్టను. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా విను.

నీ పట్టిక ఏం కొలుస్తుందో గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. ఎంతమంది మళ్ళీ చేశారో అది కొలవదు. ఎంతమంది మళ్ళీ దొరికారో కొలుస్తుంది. దెబ్బతిన్న ఆమె ముందు చెప్పాలా వద్దా అని తనలో తను తేల్చుకోవాలి. తర్వాత ఇంట్లో ఒకరు నమ్మాలి. ఠాణాలో కుర్చీ చూపించి రాసుకోవాలి. వాయిదాకీ వాయిదాకీ మధ్య ఆమె ఉద్యోగం నిలవాలి. జడ్జి నమ్మాలి. ఇన్ని మెట్లూ ఎక్కాక పైమెట్టు మీద నువ్వు పెన్సిల్ పట్టుకుని కూర్చుని ఒక గీత గీస్తావు. కింద మెట్లమీద ఆగిపోయినవాళ్ళ సంగతేంటి? వాళ్ళెవరూ నీ పట్టికలో లేరు. అందుకే అది అంత శుభ్రంగా ఉంటుంది.

నా వ్యాసంలో రాసిందే మళ్ళీ చెబుతున్నాను. వదిలిన వందమందిలో అరవైమంది మళ్ళీ అదే పని చేస్తారు. నీ దగ్గర్నుంచి తీసుకున్న కాగితంలోని అంకే అది. ఆ అరవైలో మన మావయ్య లేడని నేను సంతకం పెట్టాలా?

ఇది సిద్ధాంతం. రక్తసంబంధం చూసి మార్చుకునేది కాదు.

అక్క


రికార్డుల విభాగం, నేల అంతస్తు
మార్చి 1

సంపాదకురాలు గారికి,

మీరు సిద్ధాంతం అన్నారు కాబట్టి నేనూ లెక్కే మాట్లాడతాను.

మూడేళ్ళ కింద మా ఇంట్లో భోజనాల దగ్గర మీరు నా సంచిలోంచి తీసుకున్న కాగితంలో "అరవై" అన్న అంకె ఉంది. అది ఆ రోజు జైల్లో ఉన్నవాళ్ళది. లైంగిక నేరాల మీద లోపలున్న వందమందిలో అరవైమందికి అంతకుముందు ఏదో ఒక శిక్ష ఉంది. ఏదో ఒకటి. సైకిల్ దొంగతనం ఉంది, తాగి కొట్టుకున్నది ఉంది. ఆసుపత్రి వార్డులో పడుకున్న వందమందిలో అరవైమంది ఇదివరకు కూడా ఏదో జబ్బుతో చేరినవాళ్ళే అయితే, ఇంటికి పంపిన వందలో అరవైమంది అదే జబ్బుతో తిరిగొస్తారని రాస్తారా మీరు? రాశారు. మొదటి పేజీలో, నల్లటి గీతల మధ్య. పోయిన నెల మళ్ళీ రాశారు.

అసలు అంకె ఇది. ముప్పై ఏళ్ళ కింద వదిలిన వందలో పదేళ్ళలోపు అటువంటి నేరానికే మళ్ళీ శిక్షపడ్డవాళ్ళు పదిహేడుమంది. పాతికేళ్ళ కింద వదిలినవాళ్ళలో పదమూడుమంది. పదిహేనేళ్ళ కింద వదిలినవాళ్ళలో తొమ్మిదిమంది. మెల్లగా, కానీ ఆగకుండా తగ్గుతూ వచ్చింది. మనిషికి ఒక గది, ఒక పని, వారానికోసారి తలుపు తట్టి అడిగేవాళ్ళు ఒకరు ఉన్నచోట ఇంకా తగ్గింది.

ఆ గది గురించే చెప్పాలి. మీ మొదటి వ్యాసం కాగితాలు పట్టుకుని జనం ఊరేగింపుగా వెళ్ళి జైలు నుంచి వచ్చినవాళ్ళుండే కాలవ పక్క వసతి గృహం మూయించారు. గుర్తుందా? పదకొండుమంది ఉండేవాళ్ళు అందులో. తొమ్మిదిమందికి ఎలాగో చోటు దొరికింది. ఒకడి జాడ ఇప్పటికీ తెలియదు. ఇంకొకడు మూడేళ్ళుగా నిలబడ్డవాడు, రొట్టెల బట్టీలో పని. బస్టాండులో పడుకోవడం మొదలుపెట్టాక పని పోయింది. ఐదు నెలలకి మళ్ళీ కేసు. ఈసారి బలైంది బస్టాండు టిక్కెట్ల కిటికీలో పనిచేసే ఆవిడ. ఆ గీత నా చేత్తోనే గీశాను.

మరి మూడేళ్ళూ మీ తప్పు మీకెందుకు చెప్పలేదంటారా? ఆ కాగితం ఆఫీసు దాటి రాకూడదు. దాటించింది నేను. పీకల మీదికొస్తుందని నోరు మూసుకున్నాను. మీకు కోపం రావాలంటే అక్కడ రావాలి.

ఫారం మళ్ళీ పంపుతున్నాను. అభ్యంతరం ఉంటే రాయండి. లేకపోతే సంతకం పెట్టండి. సిద్ధాంతానికి ఆ ఫారంలో గడి లేదు.

మీ తమ్ముడు


పత్రిక ఆఫీసు, మేడ మీద గది
మార్చి 20

తమ్ముడూ,

మీరు, గారు అన్నావంటే ఎంత కాలిందో అర్థమైంది. నువ్వలా పిలవడం ఇదే మొదటిసారి.

నీ ఉత్తరం పక్కన పాత కాగితం పెట్టుకుని మూడుసార్లు చూశాను. తప్పు నాదే. పైన శీర్షిక ఉంది, "నేటికి లోపల ఉన్నవారు" అని. నేను శీర్షిక చదవలేదు. అరవై కనిపించింది, నాకు కావలసింది అంతే. దగ్గర దగ్గర ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ప్రతివాణ్ణీ "చదివి మాట్లాడండి" అని తిట్టిపోస్తూ వచ్చానే, నేను చేసిన పని ఇది.

సవరణ వచ్చే సంచికలో వేస్తున్నాను. మొదటి పేజీలోనే, అదే అక్షరం సైజులో. మా కంపోజింగ్ ఆయన "లోపలి పేజీలో చిన్నగా వేద్దామండీ, ఎవరు చూస్తారు" అన్నాడు. చూడాలనే కదయ్యా వేసేది అన్నాను. వసతి గృహం సంగతి కూడా రాశాను. టిక్కెట్ల కిటికీ ఆవిడ గురించి రాయలేకపోయాను. ఆవిడ అనుమతి లేకుండా ఆవిడని ఇంకో వాదనలోకి లాగడం కూడా ఒక దౌర్జన్యమే. వాదనల కోసం మనుషుల్ని చాలామందినే వాడుకున్నాను, చాలు.

అయితే ఒకటి అడుగుతాను. వెటకారం కాదు, నిజంగా తెలుసుకోవాలని. మీ ఫైళ్ళలో ప్రతి మనిషి పేరు కింద "ముందు ఫిర్యాదులు" అని ఒక గడి ఉంటుందని ఒకసారి చెప్పావు. మావయ్య గడిలో సున్నా ఉందన్నావు. ఆ సున్నాకి అర్థమేమిటి?

సంతకం గురించి ఇప్పుడే అడగకు.

అక్క


రికార్డుల విభాగం, నేల అంతస్తు
మార్చి 28

అక్కా,

ఏప్రిల్ సంచిక అందింది, సవరణ చూశాను. మా టైపిస్టు దాన్ని కత్తిరించి బీరువా తలుపుకి అంటించింది. "మీ ఇంట్లో తప్పు ఒప్పుకునేవాళ్ళు ఒకరైనా ఉన్నారు సార్" అని నామీదొక చెణుకు కూడా విసిరింది. నాకు కళ్ళు చెమర్చాయి. నీకు చెబుతున్నాను గాని ఇంకెవరికీ చెప్పకు, ఇక్కడ నాకు కఠినుణ్ణని పేరుంది.

నువ్వడిగిన గడి సంగతి. శిక్షపడినవీ, రాతపూర్వకంగా వచ్చిన ఫిర్యాదులూ మాత్రమే అందులోకి వస్తాయి. నోటిమాట రాదు. సున్నా అంటే లేవని. నిజానికి లేవని కాదు, మాకు తెలియదని. రెండిటికీ ఒకే అంకె వాడతాం. కొత్తలో నేనే అడిగాను, వేరే గుర్తు పెడదామా అని. "తెలియనిదానికి గుర్తులు పెడుతూ పోతే పట్టిక ఎప్పటికి తెములుతుందోయ్" అన్నాడు అప్పటి మా పెద్దాయన. నేనూ సరేనన్నాను.

నిన్న ఆదివారం కదా, మావయ్య దగ్గరికి వెళ్ళాను. నాకు ఎక్కాలు నేర్పింది ఆయనే కదా. నాన్న పోయిన ఏడాది రోజూ తన డ్రైవింగ్ స్కూలు బండిలో నన్ను బడి దగ్గర దింపేవాడు. నేర్చుకునేవాళ్ళు వెనక సీట్లో, నేను ముందు, పదమూడో ఎక్కం అరుచుకుంటూ. ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న ఆ కుట్టుపని అమ్మాయి కేసు తీర్పు రోజున నాకు ముద్ద దిగలేదు. చేశాడు, శిక్ష అనుభవించాడు. అంతటితో ఒక మనిషి కథ ముగియకూడదని నా ఆశ. నా పట్టికంతా ఆ ఒక్క ఆశ కోసమే కట్టానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

నీ గురించి అడిగాడు. "మీ అక్క సంతకం పెడుతుందా?" అన్నాడు. పెడుతుందిలే, కోపం తగ్గాలి అన్నాను. "తొందరపెట్టకు" అన్నాడు. ఎంత మెత్తబడ్డాడో చూడు. నువ్వు నాలుగు పాఠాలకే క్లచ్ చూసి జడుసుకుని పారిపోయిన సంగతి చెప్పి నేనే నవ్వించబోయాను. ఆయనకి నవ్వు రాలేదు. వయసు మీద పడింది.

అర్జీకి ఆఖరి తేదీ మే పది.

తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 6

తమ్ముడూ,

ఇది ఆఫీసులో కూర్చుని రాయలేను. ఇంట్లో రాస్తున్నాను.

నేను క్లచ్ చూసి జడుసుకోలేదు.

నాకు పంతొమ్మిదేళ్ళు. నాలుగో పాఠం, మిట్టమధ్యాహ్నం, గిడ్డంగుల వెనక రోడ్డు. ఆ బండ్లలో నేర్పేవాడి కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. బండి నేను నడుపుతున్నాననే అనుకుంటాను, ఎక్కడ ఆగాలో మాత్రం ఆయన చేతిలో ఉంటుంది. ఆపాడు. అంతకు మించి నీకు రాయను. నువ్వు నా తమ్ముడివి, ఆయన నీకు ఎక్కాలు నేర్పాడు. రెండూ ఒకే బండిలో జరిగాయి. ఆ రెండిటినీ నువ్వు మోయాల్సి వస్తుందని తెలిసే ముప్పై రెండేళ్ళు చెప్పలేదు. అది ఒక కారణం. అదొక్కటే కాదు.

తిరిగొచ్చాక పాఠాల కార్డు ఇచ్చాడు. ప్రతి పాఠం తర్వాత నేర్చుకునేవాళ్ళు సంతకం చెయ్యాలి కదా. "నాల్గవ పాఠం, సంతృప్తికరం." చేశాను. సంతకం చక్కగానే వచ్చింది.

అమ్మకి చెప్పాను. అమ్మ గ్యాస్ పొయ్యి తుడుస్తోంది. తుడవడం ఆపకుండానే, "రేపట్నించి వెళ్ళకు. క్లచ్ అంటే భయమని చెబుదాం" అంది. ఆ మాట అమ్మదిరా, నాది కాదు. ఇంటిల్లిపాదీ నవ్వారు, నేనూ నవ్వాను. కొన్నేళ్ళకి అదే నిజమేమో అనిపించేంతగా నవ్వాను.

తర్వాత పద్నాలుగేళ్ళకి కుట్టుపని అమ్మాయి కేసు. వారానికి ఆరుగురు కొత్తవాళ్ళు ఆ బండి ఎక్కేవాళ్ళు. పద్నాలుగేళ్ళకి ఎంతమందో నీకు లెక్క బాగా వచ్చు, నన్నడగకు. కోర్టులో ఆయన వకీలు లేచి, "ఇరవై ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నారు, ఒక్క ఫిర్యాదు లేదు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, ముప్పై మూడేళ్ళ మనిషిని, నోరున్నదాన్ని. ఆ అమ్మాయిని అబద్ధాలకోరు అన్నారు, డబ్బు కోసం అన్నారు. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా కూడా పట్టుకోలేదు. విడిపించుకోవచ్చు.

ఆ మరుసటి నెలే పత్రిక పెట్టాను. అప్పట్నించీ అరుస్తున్నాను. మంత్రుల మీద, జడ్జీల మీద, నోరు మెదపని ఇరుగుపొరుగుల మీద. మౌనం నేరంలో సగపాలు అని ఎన్నిసార్లు రాశానో నువ్వే చూశావు. ఎవరి గురించి రాశానో చూడలేదు.

నీ సున్నా నేనేరా. నీ పట్టికని తిట్టాను గాని అందులోంచి ఒక మనిషిని నేనే దాచిపెట్టాను.

ఇప్పుడు చెప్పేది కోపంతో కాదు. ఆయన్ని ఊళ్ళోంచి తరమమని నేను అడగను, ఒకసారి తరిమి చూశాను, ఏమైందో నువ్వే చెప్పావు. గది ఉండనీ. వారానికోసారి ఎవరో తలుపు తట్టనీ. కానీ నేర్పేవాడి సీట్లో ఆయన్ని మళ్ళీ కూర్చోనివ్వకండి. పదేళ్ళు ఏ తప్పూ జరగలేదంటున్నావు, ఆ పదేళ్ళూ ఆ సీటు ఆయనకి లేదు.

ఫారం సంతకం లేకుండా తిప్పి పంపుతున్నాను. జతగా మూడు పేజీల వాంగ్మూలం ఉంది. దానిమీద సంతకం ఉంది. దాఖలు చేస్తావో చింపేస్తావో నీ ఇష్టం అనాలని ఉంది. అనను. దాఖలు చెయ్యి.

అక్క


రికార్డుల విభాగం, నేల అంతస్తు
మే 30

అక్కా,

ఇన్నాళ్ళు రాయలేదు. రాయడానికి కూర్చుంటే నా ఉత్తరాలే గుర్తొచ్చేవి. "నోరు మూసుకున్నాను, కోపం రావాలంటే అక్కడ రావాలి" అని నీకు పాఠం చెప్పాను చూడు. క్లచ్ జోకు ఎన్నిసార్లు వేశానో లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశాను. నా పెళ్ళిలో కూడా వేశాను.

వాంగ్మూలం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. నా సంతకం కొట్టేయించుకున్నాను. మన సంతకాలు లేకపోయినా మావయ్య అర్జీ మానుకోలేదు, విచారణ ఇరవై నాలుగున జరిగింది. వచ్చిన అభ్యంతరాన్ని అర్జీదారుకి చదివి వినిపించాలి, అది పద్ధతి. అధికారి ఆవిడ మూడు పేజీలూ చదివింది, తొందరపడకుండా. మావయ్య తల వంచుకుని విన్నాడు. కాదనలేదు, అవుననలేదు. అంతా అయ్యాక తలెత్తి, "ఇదొక్కటే వచ్చిందా?" అన్నాడు.

"ఇంకా రావాలా?" అంది ఆవిడ.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను ఆయనకి రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆ ప్రశ్న నేను విన్నానని ఆయనకి తెలుసు.

అర్జీ కొట్టేశారు. పేరు నిఘా పుస్తకంలోనే ఉంటుంది. నేర్పే లైసెన్సు ఇక ఎప్పటికీ లేదు. గది ఉంటుంది. ఆదివారం మందులిచ్చి వచ్చాను. గుమ్మం దగ్గరే ఇచ్చాను. కూర్చోమన్నాడు. పనుందన్నాను. వెళ్ళకుండా ఉండలేను, వెళ్ళి కూర్చోలేను.

పట్టిక పక్కన పెట్టేశాను. ఇరవై రెండేళ్ళ పని. పదిహేడు, పదమూడు, తొమ్మిది అని ఇక ఏ మొహంతో చెప్పను? రాజీనామా రాసి సొరుగులో పెట్టుకున్నాను.

నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

తమ్ముడు


పత్రిక ఆఫీసు, మేడ మీద గది
జూన్ 11

ఒరేయ్,

రాజీనామా చించెయ్. ఇది అక్కగా చెప్పడం లేదు, నీతో ఇరవై ఏళ్ళు తగువాడినదానిగా చెబుతున్నాను.

పదిహేడు, పదమూడు, తొమ్మిది అబద్ధం కాదు. మళ్ళీ దొరికినవాళ్ళు తగ్గారు. అందులో కొంత దొరకకపోవడం ఉంటుంది, కొంత నిజంగానే మానుకోవడం ఉంటుంది. ఏది ఎంతో నీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియదని శీర్షిక కిందే రాయి, పెద్ద అక్షరాల్లో. శీర్షిక చదవని నాబోటివాళ్ళకి అంకెలో కూడా కనిపించేలా రాయి. ఆ పట్టిక లేకపోతే కాలవ పక్క ఇల్లు మళ్ళీ తెరిపించడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఈ నెల ఆ పని మీదే తిరుగుతున్నాను. ఊరేగింపుకి ముందు నడిచిన ఆయన నన్ను చూసి, "మీరే కదమ్మా మూయించమన్నారు" అన్నాడు. నేనేనయ్యా అన్నాను. అరగంట తిట్టాడు. పడ్డాను. మళ్ళీ వెళ్ళాలి.

క్షమించడం సంగతి వదిలెయ్. నువ్వు బడికి వెళ్ళే పిల్లాడివి, నీకేం తెలుసు. ఆదివారాలు వెళ్తూనే ఉండు. కూర్చోవడమా మానడమా నీ ఇష్టం. నేను మాత్రం రాను, ఎప్పుడూ అడగకు.

ఇంకొకటి. ఇటువంటి అభ్యంతరం దాఖలైతే అసలు కేసు పెట్టినావిడకి కూడా నకలు పంపాలట. ఆ అధికారి పంపింది. కుట్టుపని అమ్మాయి ఇప్పుడు నలభై ఏళ్ళావిడ, సొంతంగా దుకాణం ఉందట. అంతకు మించి చెప్పలేదు. ఆవిడ రాసిన జవాబు నాకు చేర్చమని కోరితే నిన్న ఆఫీసు కవరులో వచ్చింది.

విప్పేముందు చాలాసేపు బల్ల మీద పెట్టుకు కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను, జవాబు చెప్పడం నాకు అలవాటు కనక. రెండే వాక్యాలున్నాయి. సంబోధన లేదు, సంతకం ఉంది.

"పద్దెనిమిదేళ్ళు ఆలస్యంగా వచ్చారు. అయినా ఫైల్లో పెట్టమనండి."

పెట్టు.

అక్క